నాలుగు సగటులు, ఆరు తేడాలు: ఇంటర్వల్స్ అన్నీ కలిపి 95 శాతం నమ్మకం ఉండేలా ఎలా లెక్కించాలి

రెండు గుంపుల సగటుల మధ్య తేడాకి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ లెక్కించడం మీకు వచ్చే ఉంటుంది. తేడా తీసుకోవడం, దాని స్టాండర్డ్ ఎర్రర్‌ని టీ పట్టికలోని అంకెతో గుణించడం, వచ్చినదాన్ని తేడాకి ఒకసారి కలపడం, ఒకసారి తీసేయడం. అంతే. గుంపులు నాలుగైతే జతలు ఆరవుతాయి కాబట్టి ఇదే పని ఆరుసార్లు చేస్తే చాలనిపిస్తుంది. చాలామంది చేసేదీ అదే.

చిక్కు ఎక్కడంటే, ఆ 95 శాతం హామీ ఒక్కో ఇంటర్వల్‌కి విడివిడిగా ఇచ్చింది. ఆరింటిలో ఏదో ఒకటైనా అసలు తేడాని పట్టుకోకుండా తప్పిపోయే అవకాశం 5 శాతం దగ్గర ఆగదు. ఆరూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే అది 26 శాతానికి పైన ఉండేది. నిజానికి వాటికి సంబంధం ఉంది, ఎందుకంటే ఒకే సగటు మూడు జతల్లో కనిపిస్తుంది. అందుకని అసలు అంకె కొంచెం తగ్గి 20 శాతం దగ్గర ఉంటుంది. అంటే ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ చేస్తే దాదాపు ఐదుసార్లకి ఒకసారి మీ జాబితాలో కనీసం ఒక తప్పు మాట ఉంటుంది. గుంపులు పదైతే జతలు 45. అప్పుడు తప్పు దొర్లే అవకాశం సగానికి పైనే.

ఉమ్మడి ఇంటర్వల్స్ అంటే ఈ హామీని జాబితా మొత్తానికి ఇచ్చేవి. నూరుసార్లు ప్రయోగం చేస్తే సుమారు 95 సార్లు అన్ని ఇంటర్వల్సూ ఒకేసారి సరిగ్గా ఉండాలి. దానికి మనం చెల్లించే ధర ఇంటర్వల్ వెడల్పు. ఆ ధర ఎంతన్నది మీరు ఎన్ని ప్రశ్నలు అడగబోతున్నారు, ఎలాంటివి అడగబోతున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే లెక్క కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ముందు ప్రశ్నల్ని కాగితం మీద పెట్టండి

డేటా చూడకముందే, వీలైతే సేకరించకముందే, ఏయే పోలికలు కావాలో రాసుకోండి. సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి అవుతుంది.

ప్రతి గుంపునీ మిగతా ప్రతి గుంపుతోనూ పోల్చాలి. లేదా పాత పద్ధతి ఒకటుంది, కొత్తవాటిని దానితో మాత్రమే పోల్చాలి, కొత్తవాటిలో వాటికి వాటికి పోటీ మనకి అనవసరం. లేదా రెండు మూడు నిర్దిష్టమైన పోలికలు తప్ప మిగతావి వద్దు. లేదా డేటాని అన్ని వైపుల నుంచీ తిప్పి చూడాలి, రెండు గుంపుల్ని కలిపి మరో రెండింటితో పోల్చడం లాంటివి కూడా అప్పటికప్పుడు తోచినట్టు చేయాలి.

మొదటిదానికి ట్యూకీ పద్ధతి, రెండోదానికి డనెట్, మూడోదానికి బాన్‌ఫెరోని, నాలుగోదానికి షెఫే. పద్ధతి ఎంపిక వరకూ అసలు నిర్ణయం ఇదొక్కటే. సగటులు చూశాక, పెద్దగా కనిపించిన రెండు తేడాల్ని మాత్రం ఏరుకుని "నేను రెండే పోలికలు చేశాను" అనడం ఫలితం వచ్చాక పందెం కాయడమే. మీరు కళ్ళతో ఆరు పోలికలూ చేసేశారు, కాగితం మీద రెండే రాశారు.

డేటా ఈ లెక్కకి పనికొస్తుందా చూడండి

మూడు విషయాలు. కొలతలు ఒకదానిపై ఒకటి ఆధారపడకూడదు. గుంపుల లోపలి చెదురు, అంటే విస్తృతి, దాదాపు సమానంగా ఉండాలి. కొలతల పంపిణీ మరీ వంకరగా ఉండకూడదు.

ఈ మూడింటిలో మొదటిది తప్పితే ఇంక ఏ సూత్రమూ కాపాడలేదు. ఒకే బ్యాటరీని ఆరుసార్లు చార్జ్ చేసి కొలిస్తే మీ దగ్గరున్నవి ఆరు బ్యాటరీలు కావు, ఒక్కటే. ఒకే మనిషి మీద నాలుగు పద్ధతులూ ప్రయోగించినా అంతే, అది జతకట్టిన డేటా, దాని లెక్క వేరు. పంపిణీ గురించి మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు. సగటుల మీద పనిచేస్తున్నాం కాబట్టి కొద్దిపాటి వంకర పెద్దగా దెబ్బతీయదు. విస్తృతుల సంగతి కింద మళ్ళీ చూద్దాం.

ఉమ్మడి చెదురుని లెక్కించండి

ఇక్కడి నుంచి అంకెలతో పోదాం. ఎ, బి, సి, డి అని నాలుగు రకాల బ్యాటరీలు. ఒక్కో రకంలో ఆరేసి తీసుకుని ఎన్ని గంటలు పనిచేశాయో కొలిచాం. ఇవి లెక్క చూపించడానికి నేను పెట్టుకున్న అంకెలు. సగటులు వరసగా 42.0, 45.5, 47.3, 51.0 గంటలు.

ప్రతి గుంపులోనూ ఒక్కో కొలత తన గుంపు సగటు నుంచి ఎంత దూరంలో ఉందో తీసి, వర్గం చేసి, నాలుగు గుంపులవీ కలిపేయండి. ఆ మొత్తాన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగించండి. అంటే కొలతల సంఖ్యలోంచి గుంపుల సంఖ్య తీసేస్తే మిగిలేది. మొత్తం కొలతలు 24, గుంపులు 4, కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 20. అలా వచ్చిన ఉమ్మడి విస్తృతి 12 అనుకుందాం. అనోవా (గుంపుల సగటులన్నీ సమానమేనా అని ఒకేసారి చూసే పరీక్ష) పట్టికలో ఇదే గుంపుల లోపలి మీన్ స్క్వేర్‌గా కనిపిస్తుంది.

రెండు సగటుల తేడాకి స్టాండర్డ్ ఎర్రర్: √(12 × (1/6 + 1/6)) = √4 = 2 గంటలు. అన్ని గుంపుల్లోనూ ఆరేసి ఉన్నాయి కాబట్టి ఆరు జతలకీ ఇదే.

ఎ, బి లని మాత్రమే పోలుస్తున్నా సరే, సి, డి ల లోపలి చెదురు కూడా ఈ 12లో కలిసే ఉంది. రెండు గుంపుల నుంచే తీసుకుంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 10 దగ్గర ఆగిపోయేది. విస్తృతులు సమానమన్న ఊహ మనకిచ్చే లాభం ఇదే. ఆ ఊహ తప్పైతే నష్టం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

గుణకాన్ని తెచ్చుకోండి

అన్ని పద్ధతుల్లోనూ ఇంటర్వల్ ఆకారం ఒకటే: తేడా ± గుణకం × స్టాండర్డ్ ఎర్రర్. పద్ధతి మారితే మారేది గుణకం. మన ఉదాహరణకి, 95 శాతం స్థాయిలో, అవి ఇలా ఉంటాయి.

సర్దుబాటు ఏదీ లేని మామూలు టీ: 2.086
డనెట్, ఒక పాత రకంతో మూడు కొత్తవి: 2.54
ట్యూకీ, ఆరు జతలూ: 2.80
బాన్‌ఫెరోని, ఆరు జతలూ: 2.93
షెఫే, ఊహించగల అన్ని పోలికలూ: 3.05

స్టాండర్డ్ ఎర్రర్ 2 కాబట్టి వీటిని రెట్టింపు చేస్తే ఇంటర్వల్ సగం వెడల్పు వచ్చేస్తుంది. మామూలు టీతో 4.17 గంటలు, ట్యూకీతో 5.60, షెఫేతో 6.10.

ఈ గుణకాలు ఎక్కడి నుంచి వస్తాయో ఒక్కోటీ చూద్దాం.

ట్యూకీ ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. అన్ని జతల్లోకీ పెద్ద తేడా ఎప్పుడూ అన్నిటికంటే పెద్ద సగటుకీ అన్నిటికంటే చిన్న సగటుకీ మధ్యే ఉంటుంది. ఆ ఒక్క తేడా యాదృచ్ఛికంగా ఎంత వరకూ సాగగలదో తెలిస్తే మిగతా జతలన్నీ దాని లోపలే ఉంటాయి. ఈ పంపిణీ పేరు స్టూడెంటైజ్డ్ రేంజ్, పట్టికల్లో క్యూ అని ఉంటుంది. గుంపులు 4, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 20 దగ్గర క్యూ విలువ 3.958. జాన్ ట్యూకీ దీన్ని 1953లో రాశాడు. ఆ రాతప్రతి అచ్చు కాకుండానే ఎన్నో ఏళ్ళపాటు చేతులు మారుతూ తిరిగింది.

ఇక్కడే ఎక్కువమంది జారేది. క్యూ విలువని నేరుగా తేడా స్టాండర్డ్ ఎర్రర్‌తో గుణించకూడదు, ముందు √2తో భాగించాలి. 3.958 ÷ 1.414 = 2.80. క్యూని ఒక సగటు స్టాండర్డ్ ఎర్రర్ ఆధారంగా నిర్వచించారు, మనం వాడుతున్నది రెండు సగటుల తేడాది, అందుకే ఈ తిరకాసు. భాగించడం మరిచిపోతే ఇంటర్వల్స్ 41 శాతం ఉబ్బిపోతాయి, ఏ తేడా తేలక మీరు డేటాని తిట్టుకుంటూ కూర్చుంటారు.

బాన్‌ఫెరోనికి పట్టిక కూడా వేరే అక్కర్లేదు. 5 శాతాన్ని పోలికల సంఖ్యతో భాగించి, ఆ స్థాయిలో మామూలు టీ విలువ తీసుకోవడమే. సగటుల తేడాలకి దీన్ని ఎలా వాడాలో 1961లో ఆలివ్ జీన్ డన్ పట్టికలతో సహా చూపించారు. ఇది మొరటు పద్ధతని కొందరు తీసిపారేస్తారు గానీ, తక్కువ పోలికల దగ్గర దీన్ని మించింది దొరకడం కష్టం. మన ఉదాహరణలో ముందే ఎంచుకున్న పోలికలు రెండే అయితే గుణకం 2.42, మూడైతే 2.61, నాలుగైతే 2.74. ఇవన్నీ ట్యూకీ 2.80 కంటే తక్కువే. ఐదో పోలిక దగ్గర 2.85కి చేరి ట్యూకీని దాటిపోతుంది. కాబట్టి రెండూ లెక్కేసి ఇరుకైనది తీసుకోవచ్చు. గుణకాల్ని పోల్చుకోవడానికి సగటులు చూడనక్కర్లేదు కనుక అందులో మోసమేమీ లేదు.

డనెట్ గుణకం 1955లో చార్లెస్ డనెట్ ఇచ్చినది. మూడు కొత్త రకాల్నీ ఒకే పాత రకంతో పోలుస్తాం కాబట్టి ఆ మూడు తేడాలూ కలిసి పైకీ కిందకీ కదులుతాయి. ఆ సంబంధాన్ని లెక్కలోకి తీసుకోవడం వల్లే ఇది మూడు పోలికల బాన్‌ఫెరోని కంటే ఇంకొంచెం చౌక.

షెఫే గుణకానికి ఎఫ్ పట్టిక కావాలి. గుంపుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, ఎఫ్ విలువతో గుణించి, వర్గమూలం తీయండి: √(3 × 3.098) = 3.05.

ఇప్పుడు ఇంటర్వల్స్ రాయండి

మన ప్రశ్న "ప్రతిదాన్నీ ప్రతిదానితో" అనుకుందాం. ట్యూకీ సగం వెడల్పు 5.60. ఒక జతని దగ్గరగా చూస్తే, సి లోంచి ఎ తీస్తే 47.3 − 42.0 = 5.3. కింది కొస 5.3 − 5.6 = −0.3, పై కొస 5.3 + 5.6 = 10.9. మొత్తం జాబితా:

బి − ఎ: 3.5, ఇంటర్వల్ −2.1 నుంచి 9.1
సి − ఎ: 5.3, ఇంటర్వల్ −0.3 నుంచి 10.9
డి − ఎ: 9.0, ఇంటర్వల్ 3.4 నుంచి 14.6
సి − బి: 1.8, ఇంటర్వల్ −3.8 నుంచి 7.4
డి − బి: 5.5, ఇంటర్వల్ −0.1 నుంచి 11.1
డి − సి: 3.7, ఇంటర్వల్ −1.9 నుంచి 9.3

ఇంటర్వల్ లోపల సున్నా ఉంటే అసలు తేడా సున్నా కూడా కావచ్చు, అంటే తేడా తేలనట్టే. సున్నాని తాకనిది ఒక్కటే, డి − ఎ. సర్దుబాటు లేని టీ వాడి ఉంటే సి − ఎ, డి − బి కూడా తేలిపోయేవి, ఎందుకంటే 5.3, 5.5 రెండూ 4.17 కంటే పెద్దవే. ఆ అదనపు రెండు ఫలితాలు చూసి ఆశపడకండి. వాటిని ఇచ్చిన పద్ధతే ఐదుసార్లకి ఒకసారి జాబితాలో తప్పు పెడుతుంది.

మొదటి నుంచీ మీ ప్రశ్న "ఎ పాతది, మిగతావాటిని దానితోనే పోలుస్తాను" అని ఉంటే కథ మారుతుంది. డనెట్ సగం వెడల్పు 5.08. అప్పుడు సి − ఎ ఇంటర్వల్ 0.2 నుంచి 10.4. సున్నా బయటికి వచ్చేసింది. అదే డేటా, అదే తేడా, కానీ బి, సి, డి ల మధ్య పోలికల్ని వదులుకున్నందుకు ఈ బిగువు దక్కింది. ట్యూకీ ఫలితం చూసి, సి − ఎ వెంట్రుకవాసిలో తప్పిపోయిందని డనెట్‌కి మారితే మాత్రం ఆ 95 శాతం మాటకి విలువ ఉండదు.

షెఫే ఇంత వెడల్పైతే ఎవరికి కావాలి అనిపించవచ్చు. జతల వరకే చూసుకునేవాళ్ళకి నిజంగానే అక్కర్లేదు. కానీ ఎ, బి ఒక తరహా తయారీ, సి, డి ఇంకో తరహా అని డేటా చూశాక మీకు తట్టిందనుకోండి. రెండు తరహాల సగటుల తేడా 49.15 − 43.75 = 5.4 గంటలు. ఒక్కో వైపు పన్నెండేసి బ్యాటరీలున్నాయి కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్ √(12 × (1/12 + 1/12)) = √2 = 1.41. షెఫే సగం వెడల్పు 3.05 × 1.41 = 4.31. ఇంటర్వల్ 1.1 నుంచి 9.7, సున్నాకి స్పష్టంగా పైన. ఇదే పోలికకి ట్యూకీని సాగదీస్తే సగం వెడల్పు 5.60 దగ్గరే ఉండిపోయి, ఇంటర్వల్ −0.2 నుంచి 11.0 వరకూ పోతుంది. జతల దగ్గర ట్యూకీ గెలుస్తుంది, గుంపుల్ని కలిపి చూసే చోట షెఫే గెలుస్తుంది. పైగా డేటా చూశాక తట్టిన ఇలాంటి పోలికలకి కూడా షెఫే హామీ నిలుస్తుంది. హెన్రీ షెఫే దీన్ని ప్రచురించింది కూడా 1953లోనే.

గుంపుల పరిమాణాలు తేడాగా ఉంటే

డి రకంలో రెండు బ్యాటరీల కొలతలు పోయాయనుకోండి. మిగిలినవి 4, మొత్తం 22, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18, క్యూ విలువ 4.00 దగ్గర. ఉమ్మడి విస్తృతి 12గానే ఉందనుకుంటే డి − ఎ స్టాండర్డ్ ఎర్రర్ √(12 × (1/6 + 1/4)) = 2.24, సగం వెడల్పు 2.83 × 2.24, అంటే సుమారు 6.3. మిగతా జతల్ని వాటి వాటి పరిమాణాలతో ఇలాగే లెక్కించండి. 1956లో క్లైడ్ క్రేమర్ సూచించిన సవరణ ఇది, అందుకే ట్యూకీ-క్రేమర్ అంటారు. దీని హామీ 95 శాతం కంటే ఎప్పుడూ తగ్గదని 1984లో ఆంథొనీ హేటర్ నిరూపించేదాకా జనం నమ్మకంతోనే వాడారు.

విస్తృతులు తేడాగా ఉంటే

ఒక గుంపు ప్రామాణిక విచలనం (విస్తృతి వర్గమూలం) ఇంకోదానికి రెండింతలు దాటిందంటే ఉమ్మడి విస్తృతిని పక్కన పెట్టడమే మంచిది. అందులోనూ చిన్న గుంపుకే పెద్ద చెదురు ఉంటే మరీ ప్రమాదం, ఇంటర్వల్స్ ఉండాల్సిన దానికంటే ఇరుకుగా వచ్చి ఎక్కడలేని ధీమా ఇస్తాయి. అప్పుడు 1976 నాటి గేమ్స్-హోవెల్ పద్ధతి వాడండి. ఒక్కో జతకీ ఆ రెండు గుంపుల విస్తృతులతోనే స్టాండర్డ్ ఎర్రర్, విస్తృతులు వేరైనప్పుడు వాడే వెల్చ్ సూత్రంతో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, గుణకం మళ్ళీ క్యూ ÷ √2. గుంపులో ఐదారు కంటే తక్కువ కొలతలుంటే దీని హామీ కాస్త సడలుతుంది.

విస్తృతులు సమానమా కాదా అని ముందొక పరీక్ష చేసి, దాన్ని బట్టి పద్ధతి ఎంచుకోమని కొన్ని పాఠాల్లో చెబుతారు. నాకది నచ్చదు. చిన్న శాంపిల్‌లో ఆ పరీక్ష తేడాని పట్టుకోలేదు, పెద్ద శాంపిల్‌లో పట్టించుకోనక్కర్లేని తేడాకి కూడా గంట మోగిస్తుంది. అనుమానముంటే నేరుగా గేమ్స్-హోవెల్‌కి వెళ్ళడం మేలు.

సాఫ్ట్‌వేర్‌తో చేసేటప్పుడు

ఆర్ భాషలో అనోవా మోడల్‌ని ట్యూకీ ఫంక్షన్‌కి ఇస్తే జాబితా మొత్తం వస్తుంది, పైథాన్‌లో సైపై, స్టాట్స్‌మోడల్స్ రెండింటిలోనూ ఈ సదుపాయం ఉంది. ఎక్సెల్‌లో టీ, ఎఫ్ విలువలకి ఫంక్షన్లు ఉన్నాయి గానీ క్యూకి లేదు. కాబట్టి అక్కడ బాన్‌ఫెరోని, షెఫే చేసుకోవచ్చు, ట్యూకీకి పట్టిక చూడాల్సిందే. ఏది వాడినా ఒక్క జతని చేత్తో లెక్కేసి సరిచూడండి. తీసివేత ఏ దిక్కున జరిగిందో కూడా చూసుకోండి. ఎ − డి అని ఉంటే గుర్తులన్నీ తిరగబడి ఉంటాయి, నివేదికలో గెలిచిన రకం ఓడిపోతుంది.

ఇంకో మాట. అనోవా ఎఫ్ పరీక్ష నెగ్గితేనే ట్యూకీ చేయాలని నియమం లేదు. ట్యూకీ హామీ దానంతట అదే నిలబడుతుంది.

ఫలితాన్ని చదవడం, రాయడం

సున్నా లోపల ఉన్న ఇంటర్వల్‌ని "తేడా లేదు" అని రాయకండి. సి − ఎ ఇంటర్వల్ చెబుతున్నది, సి సగటున 10.9 గంటలు ఎక్కువ పనిచేసినా ఆశ్చర్యం లేదు, 0.3 గంట తక్కువ పనిచేసినా ఆశ్చర్యం లేదు అని. అది తేలని విషయం, సమానమని తేలిన విషయం కాదు. డి − ఎ గురించి "9.0 గంటలు ఎక్కువ, 95 శాతం ఉమ్మడి ఇంటర్వల్ 3.4 నుంచి 14.6, ఆరు జతలకీ ట్యూకీ పద్ధతి" అని రాస్తే చదివేవాళ్ళకి కావలసినవన్నీ అందులో ఉన్నట్టే. పద్ధతి పేరు, ఎన్ని పోలికలన్నది రాయకపోతే 95 శాతం దేనికో వాళ్ళకి తెలీదు.

ఒక్కో సగటుకి విడిగా ఇంటర్వల్ గీసి, అవి ఒకదాని మీద ఒకటి పడితే తేడా లేదనుకోవడం కూడా మానేయాలి. మన ఎ కి విడి ఇంటర్వల్ 39.05 నుంచి 44.95, సి కి 44.35 నుంచి 50.25. రెండూ కొంచెం కలిశాయి. అయినా ఆ ఒక్క జతకే మామూలు టీ ఇంటర్వల్ తీస్తే సున్నా బయటే ఉంటుంది. గీయాలనుకుంటే తేడాల ఇంటర్వల్స్‌నే గీయండి, మధ్యలో సున్నా దగ్గర ఒక నిలువు గీతతో.

ఎ, బి, సి ల మధ్య ఏదీ తేలలేదు, బి, సి, డి ల మధ్యా తేలలేదు, కానీ ఎ, డి ల మధ్య తేలింది. ఇందులో వైరుధ్యం లేదు. నాలుగింటినీ "మంచివి", "చెడ్డవి" అని రెండు మూటలు కట్టమని ఎవరైనా పట్టుబడితే ఈ డేటాతో అది కుదరదని చెప్పండి.

ఇరుకైన ఇంటర్వల్ కావాలంటే

ఆరు జతలకీ సగం వెడల్పు 4 గంటల లోపు ఉండాలనుకుందాం. సమాన పరిమాణాలున్నప్పుడు ట్యూకీ సగం వెడల్పు క్యూ × √(విస్తృతి ÷ గుంపు పరిమాణం). గుంపుకి 10 పెడితే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 36, క్యూ 3.81, సగం వెడల్పు 4.17. చాలదు. 11 పెడితే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 40, క్యూ 3.79, సగం వెడల్పు 3.96. మొత్తం 44 బ్యాటరీలు. విస్తృతి 12 అన్నది పాత కొలతల నుంచి వచ్చిన అంచనా కాబట్టి ఒకటి రెండు ఎక్కువే పెట్టుకోండి. డనెట్ పోలికలైతే బ్యాటరీల్ని సమానంగా పంచకండి. పాత రకానికి కొత్త రకాల సంఖ్య వర్గమూలం రెట్లు ఎక్కువ ఇవ్వండి. మూడు కొత్త రకాలుంటే √3, అంటే ఒక్కో కొత్త రకానికి 10 పెట్టినచోట పాతదానికి 17.